ప్యాంటు సైజు చూసి ధైర్యపడకండి, టేపు పెట్టి కొలవండి

మా ఆయన బరువు 64 కిలోలు, ప్యాంటు సైజు 34 అంగుళాలు. షుగరు అని రిపోర్టు వచ్చిన రోజు కూడా "నేనేం లావున్నానే?" అన్నారు. కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసి నడుము కొలిచాను. 96 సెంటీమీటర్లు! ప్యాంటు పొట్ట కిందికి జారి కూర్చుంటుంది, అందుకే 34 సరిపోతూ వచ్చింది.

పొద్దున్నే ఏమీ తినకముందు కొలవండి. చొక్కా పైకెత్తి, పాదాలు కాస్త ఎడంగా పెట్టి నిలబడాలి. పక్కన చేత్తో తడిమితే చివరి పక్కటెముక, కింద తుంటి ఎముక పైఅంచు తగులుతాయి. ఆ రెంటికీ మధ్యలో టేపు చుట్టాలి. ఒంటికి ఆనాలి, నొక్కకూడదు. మామూలుగా ఊపిరి వదిలాక అంకె చూడాలి. మగవాళ్లు సరిగ్గా అప్పుడే పొట్ట లోపలికి పీలుస్తారు. మా ఆయన పీల్చినప్పుడు 91 వచ్చింది. ఏదో ఒకటి అడిగి, జవాబు చెప్పి ఊపిరి వదిలేదాకా ఆగి చూశాను, మళ్లీ 96.

మనవాళ్లలో నడుము మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

ఎందుకంటే, థైరాయిడ్ లాగే కొవ్వు కూడా హార్మోన్లు వదులుతుంది. 1994లో లెప్టిన్ అనే కొవ్వు హార్మోన్‌ను కనుక్కున్నాక ఈ సంగతి బాగా తెలిసొచ్చింది. అలాంటి హార్మోన్లలో అడిపోనెక్టిన్ మనకు మేలు చేసేది. షుగరు తగ్గించే ఇన్సులిన్ మాట కండరాలు, కాలేయం వినేలా చేస్తుంది, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను కాపాడుతుంది. పొట్ట పెరిగేకొద్దీ ఇదే తగ్గిపోతుంది. అప్పుడు బీటా కణాలు రెట్టింపు చాకిరీ చేయాలి. పైగా పొట్టలోని కొవ్వు కాలేయంలోకి, క్లోమంలోకి చేరి వాటిని ఇంకా నీరసపరుస్తుంది.

ఇది వెనక్కి మళ్లుతుంది కూడా. బ్రిటన్‌లో షుగరు వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లపై చేసిన డైరెక్ట్ (DiRECT) అనే అధ్యయనంలో, 15 కిలోలు, ఆపైన తగ్గినవాళ్లలో 86 శాతం మందికి ఏడాదికల్లా మందుల్లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది. మా ఆయనది అంత బరువు కాదు, నాలుగు కిలోలు చాలనుకున్నాం. రాత్రి అన్నం ఒక గరిటెకు తగ్గించి, పప్పూ బీరకాయ కూరా పెంచాను. తిన్నాక పావుగంట నడక. ఐదు నెలలకు నడుము 91.

ఒక్కటి మాత్రం మరవకండి. షుగరు తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్రో, ఇన్సులినో వాడుతుంటే తిండి తగ్గించే ముందే డాక్టరుకు చెప్పండి. మేం చెప్పలేదు. రెండో వారంలో ఓ రాత్రి ఆయనకు చెమటలు పట్టి చేతులు వణికాయి, మీటర్లో చూస్తే షుగరు 62కి పడిపోయింది. గ్లూకోజు నీళ్లు తాగించి పావుగంట తర్వాత మళ్లీ చూస్తే 94. మర్నాడు డాక్టరు మాత్ర సగానికి తగ్గించారు.