తెర మీద ఏ సంతకం, సిరాతో ఏ సంతకం: అమెరికాకు కొత్తగా వచ్చినవాళ్లకి

ప్రతి ఆగస్టులో ఇదే తంతు. అపార్ట్‌మెంట్ లీజు మెయిల్‌లో రాగానే ప్రింటరు కోసం పరుగు. ముప్పై పేజీలు ప్రింటు తీసి, అన్నిటి మీదా సంతకాలు పెట్టి, ఫోన్‌తో ఫోటోలు తీసి పంపుతారు. లీజింగ్ ఆఫీసు వాళ్లు అవి పక్కన పడేసి, లింకులోనే సంతకం పెట్టమంటారు. ఇందులో పోయేది ఒక పూట మాత్రమే. దీనికి తలకిందులుగా చేసే పొరపాటు ఇంకొకటుంది. లింకుల అలవాటుతో ఇమిగ్రేషన్ ఫారం మీద కూడా వేలితో గీసిన సంతకం అతికించి పంపేస్తారు. నా బాధంతా దాని గురించే.

ముందు తేలికైనది చూద్దాం. 2000లో వచ్చిన ఈ-సైన్ చట్టం ప్రకారం, ఎలక్ట్రానిక్ అన్న ఒక్క కారణంతో సంతకం చెల్లదనడానికి వీల్లేదు. లీజు, ఆఫర్ లెటరు, కంపెనీ పోర్టల్‌లో జీతంలో పన్ను కోతకి నింపే డబ్ల్యూ-4, పని చేసే అర్హత చూపే ఐ-9 మొదటి భాగం అన్నీ తెర మీదే అయిపోతాయి. చెల్లుతుంది కదా అని సంతకం పెట్టమనే పసుపు బటన్లు టకటకా నొక్కేయకండి బాబూ. ఫినిష్ నొక్కాక మీరు మార్చడానికేమీ ఉండదు, పంపినవాళ్లే దాన్ని రద్దు చేసి మళ్లీ పంపాలి. మూడు రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చని ఎవరో చెప్తారు, లీజులకి సాధారణంగా అది వర్తించదు. తప్పు కనిపిస్తే 'డిక్లైన్' కూడా నొక్కకండి, అది రూమ్మేట్లందరికీ కలిపి ఆ పత్రాన్ని రద్దు చేస్తుంది. 'ఫినిష్ లేటర్' పెట్టి ఆఫీసుకు మెయిల్ రాయండి.

చూడాల్సినవి కొన్నే: పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, యూనిట్ నంబరు, తేదీలు, మధ్యలో ఖాళీ చేస్తే కట్టాల్సిన రుసుము, ఎన్ని రోజుల ముందు చెప్పాలో. 'జాయింట్లీ అండ్ సెవెరల్లీ' అని ఉంటే ఒక రూమ్మేటు చెప్పకుండా వెళ్లిపోయినా వాడి వాటా మీ నుంచి వసూలు చేయొచ్చు. తర్వాత, ఒక్కొక్కరికీ విడి ఈమెయిల్ ఉండాలి. భార్య పేరున వచ్చిన లింకు భర్త తెరిచి సంతకం పెట్టేయడం మన ఇళ్లలో మామూలైపోయింది. ఏ మెయిల్‌కి వెళ్లింది, ఏ ఐపీ నుంచి, ఎన్ని గంటలకు పెట్టారన్నది అంతా పత్రంతో పాటు నమోదవుతుంది. ఎవరి సంతకం వాళ్లే పెట్టాలి. అయ్యాక పీడీఎఫ్‌నీ, దానితో వచ్చే 'సర్టిఫికెట్ ఆఫ్ కంప్లీషన్'నీ దించి పెట్టుకోండి.

ఇలాంటి సంతకాల లింకులు పంపే డాక్యుసైన్ పేరుతో అనుకోని మెయిల్ వస్తే అందులోని బటన్ నొక్కకండి. నిజమైన మెయిల్‌లో అయితే కింద సెక్యూరిటీ కోడ్ ఉంటుంది. డాక్యుసైన్ సైటు మీరే తెరిచి, 'యాక్సెస్ డాక్యుమెంట్స్'లో ఆ కోడ్ కొట్టండి. అక్కడ పత్రం కనపడకపోతే ఆ మెయిల్ తీసేయండి.

లింకు లేకుండా ఉత్త పీడీఎఫ్ పంపి సంతకం పెట్టి పంపమంటే: ఐఫోన్‌లో మార్కప్, మ్యాక్‌లో ప్రివ్యూ, విండోస్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ ఉచిత అడోబీ రీడర్‌లోని 'ఫిల్ అండ్ సైన్'. పెట్టాక ప్రింట్‌లోకి వెళ్లి మళ్లీ పీడీఎఫ్‌గా సేవ్ చెయ్యండి, లేకపోతే అవతలివాళ్ల కంప్యూటర్లో సంతకం పక్కకి జరగొచ్చు, కనపడకనే పోవచ్చు. ఈ పని డిజిటల్ సర్టిఫికెట్‌తో సంతకమైన పత్రం మీద మాత్రం చెయ్యకండి. ఈ-ఆధార్‌ని అలా సేవ్ చేస్తే అందులోని డిజిటల్ సంతకం పోయి ఉత్త బొమ్మ మిగులుతుంది.

ఇక అసలు సంగతి. ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్‌కి కాగితం మీద వెళ్లే ఫారాల్లో, అంటే హెచ్1బీ ఉద్యోగ వీసాకి కంపెనీ వేసే ఐ-129, లాయరు కోసం మీరు సంతకం పెట్టే జీ-28, పోస్టులో పంపే ఐ-539 (స్టేటస్ మార్పు, పొడిగింపు), ఐ-765 (పని అనుమతి) లాంటి వాటిలో, సంతకం చేత్తో సిరాతో పెట్టాలి. 2020 మార్చిలో కోవిడ్ వల్ల ఒక వెసులుబాటు ఇచ్చి, 2022 జులైలో దాన్ని శాశ్వతం చేశారు: సిరాతో సంతకం పెట్టిన కాగితం స్కాన్‌గానీ, ఫోటోకాపీగానీ పంపొచ్చు. దీన్నే చాలామంది 'ఎలక్ట్రానిక్ సంతకం చెల్లుతుందట' అని చెప్పుకుంటున్నారు. కాదు. స్కాన్ చెల్లుతుంది, దాని వెనక సిరా సంతకం పెట్టిన అసలు కాగితం ఉండాలి. టైపు చేసిన పేరు, స్టాంపు, అతికించిన బొమ్మ చెల్లవు. వాళ్లు అడిగితే చూపించడానికి ఆ కాగితం మీ దగ్గరే దాచుకోవాలి కూడా.

దీనికి ప్రింటరు కొనక్కర్లేదు. లైబ్రరీలోనో, క్యాంపస్‌లోనో సంతకం పెట్టాల్సిన పేజీ ప్రింటు తీయండి. అక్కడా ఒక మెలిక ఉంది. ప్రతి పేజీ అడుగున ఎడిషన్ తేదీ ఉంటుంది. నిరుడు స్నేహితుడు దించుకున్న ఫైలులోంచి పేజీ తీస్తే తేదీలు కలవవు, మొత్తం తిరిగొస్తుంది. ఫారం బ్రౌజర్లో తెరిస్తే 'ప్లీజ్ వెయిట్' అనే పేజీ వస్తే ఫైలు పాడైనట్టు కాదు, అడోబీ రీడర్లో తెరవండి. నల్ల సిరా వాడండి. గడి గీతలు దాటకండి. తేదీలో నెల ముందు, రోజు తర్వాత: ఆగస్టు 5ని 05/08 అని రాస్తే అది మే 8. స్కాన్ అంటే నీడలు పడ్డ ఫోటో కాదు, ఫోన్‌లో నోట్స్‌లోనో గూగుల్ డ్రైవ్‌లోనో స్కాన్ ఉంది, పేజీ నాలుగు మూలలూ పడాలి.

సంతకం సరిగ్గా లేక తిరిగొచ్చిన దరఖాస్తుకి మొదట చేరిన తేదీ దక్కదు. చదువయ్యాక విద్యార్థులు పని చేయడానికిచ్చే అనుమతి ఓపీటీ. సైన్సు, ఇంజినీరింగ్ లాంటి చదువులవాళ్లకి దొరికే దాని పొడిగింపు, అంటే స్టెమ్ ఓపీటీ దరఖాస్తు, ప్రస్తుత పని అనుమతి కార్డు గడువు తీరేలోపు చేరాలి. ఆఖరి వారంలో పోస్టు చేసి, అది తిరిగొచ్చేసరికి గడువు దాటిపోతే ఎవరూ ఏం చేయలేరు. అందుకే ఓపీటీ ఐ-765 ఆన్‌లైన్‌లో వేసుకోండి. అక్కడ పేరు టైపు చేస్తే అదే సంతకం, సిరా గొడవే లేదు. కాలేజీ ఇచ్చే ఐ-20, స్టెమ్ ఓపీటీ శిక్షణ ప్రణాళిక ఐ-983 మీద సంతకం ఏ రకంగా కావాలో మీ డీఎస్ఓ (కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) చెప్పినట్టే చెయ్యండి.

ఊళ్లో స్థలం అమ్మకానికి నాన్నగారికో అన్నయ్యకో ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీకి కూడా లింకు సంతకం పనికిరాదు. భారత ఐటీ చట్టంలో అలాంటి పవర్లు ఇప్పటికీ మినహాయింపుల్లోనే ఉన్నాయి. కాగితం మీద, నోటరీ ఎదుట సంతకం, ఆ నోటరీ ఉన్న అమెరికా రాష్ట్రపు సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా వేసే ధ్రువీకరణ), ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ.

సరే, మరీ బెదిరిపోకండి. యూఎస్‌సీఐఎస్ దరఖాస్తు తీసుకునే దగ్గరే తిప్పి పంపిందంటే కేసు కొట్టేసినట్టు కాదు, గడువుంటే సరిచేసి మళ్లీ వేయొచ్చు. సంతకం అందంగా ఉండక్కర్లేదు, చదవడానికి రాకపోయినా సరే, ఇంగ్లీషులోనే ఉండాలని కూడా లేదు. మీ మామూలు సంతకం తెలుగులో ఉంటే నిక్షేపంగా తెలుగులోనే పెట్టండి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి తల్లిదండ్రులు పెట్టొచ్చు.

ఇండియా సిమ్ మాత్రం బతికించుకోండి. అక్కడి ఈ-సైన్ ఆధార్‌కి కలిపిన నంబరుకు వచ్చే ఓటీపీ మీదే నడుస్తుంది. ఆదాయపు పన్ను రిటర్ను వేసిన 30 రోజుల్లో వెరిఫై చెయ్యాలి. సిమ్ పోయినవాళ్లు నెట్ బ్యాంకింగ్ లోంచి లాగిన్ అయి చేసుకోవచ్చు. అదీ లేకపోతే రిటర్ను వేశాక వచ్చే రసీదు ఐటీఆర్-వీ ప్రింటు తీసి, సిరాతో సంతకం పెట్టి బెంగళూరులోని ఆదాయపు పన్ను శాఖ కేంద్రం సీపీసీకి అదే గడువులోపు చేర్చాలి.