వార్త కింద సిఫార్సుల విడ్జెట్ పెట్టే ముందు

ఎన్నికలో, సంక్రాంతో దగ్గరపడి ట్రాఫిక్ పెరుగుతుందనగానే న్యూస్ సైట్లవాళ్లకు వార్త కింద ప్రకటనలు, ఇతర వార్తలు చూపించే పెట్టెను (విడ్జెట్‌ను) ఇచ్చే టబూలా, ఔట్‌బ్రెయిన్ (ఇప్పుడు టీడ్స్) లాంటి కంపెనీలు గుర్తొస్తాయి. కోడ్ అతికించడం చిన్న పనే. ముందు ఇవి చూసుకోండి.

• ఒప్పందం గడువు, ఎక్స్‌క్లూజివ్ షరతు (వాళ్ల విడ్జెట్ ఒక్కటే పెట్టాలని). రెండేళ్లకు సంతకం పెట్టేస్తే, ఆదాయం సగానికి పడిపోయినా ఇంకో కంపెనీ వైపు చూడలేరు. కనీస ఆదాయం గ్యారంటీ అంటారు. ట్రాఫిక్ ఎంత తగ్గితే ఆ గ్యారంటీ పోతుందో ఆ పేరా రెండుసార్లు చదవండి.

• చావులు, ప్రమాదాల వార్తల్లో విడ్జెట్ ఆపే వీలుందా? మా సైట్లో ఓసారి బస్సు ప్రమాదం వార్త కిందే ‘వారంలో పొట్ట మాయం’ అని మెరిసింది. స్క్రీన్‌షాట్ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాక తీసేసి ఏం లాభం?

• ఏ మాటలున్న ప్రకటనలు రాకూడదో చెప్పే బ్లాక్ లిస్టులో తెలుగు మాటలూ ఉండాలి. ‘betting’ అని ఇంగ్లీషు అక్షరాల్లోనే ఇస్తే తెలుగు హెడ్డింగ్ దాటిపోవచ్చు. మహిమల ఉంగరాలనైతే అసలు రానివ్వకండి.

• పాత వార్తలకు తేదీ కనపడాలి. నిరుటి తుపాను హెచ్చరిక ‘ఇవీ చదవండి’లో తేలితే ఆఫీసు ఫోన్లు ఆగవు.

• ‘ప్రకటన’ అన్న లేబుల్ తెలుగులోనే, కనపడే సైజులో.

• విడ్జెట్‌కు పేజీలో చోటు ముందే వదలండి. ఆలస్యంగా లోడై పేజీ జరిగితే వేలు ప్రకటన మీద పడుతుంది. గూగుల్ లెక్కలో లేఅవుట్ షిఫ్ట్ (పేజీ ఎంత జరిగిందో చెప్పే స్కోరు) 0.1 దాటకపోతేనే బాగున్నట్టు.