ఎదిగిన కొడుకులతో ఇటలీ ఎలా వెళ్ళాలి?

మా పెద్దాడికి 20, చిన్నాడికి 17 ఉన్నప్పుడు మొదటిసారి వెళ్ళాం. ఆ తర్వాత మా తమ్ముడి వాళ్ళకి, మా ఆడపడుచు కుటుంబానికి, ఆఫీసులో ఇద్దరు ముగ్గురికి నేనే ప్లాన్ వేసిచ్చాను. ఇచ్చింది ఇచ్చినట్టు పాటించినవాళ్ళు తక్కువ. "రైళ్ళూ హోటళ్ళూ అన్నీ బుక్ చేసేశాం వదినా, ఇక చూడాల్సినవాటి టికెట్లే మిగిలాయి" అని ఫోన్ చేసేవాళ్ళే ఎక్కువ. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకో కాస్త కింద చెప్తాను.

మొదట రోజులు, ఊళ్ళు

తొమ్మిది రాత్రులు. రోమ్‌లో 4, ఫ్లోరెన్స్‌లో 3, వెనిస్‌లో 2. మిలాన్ కూడా, పీసా కూడా, అమాల్ఫీ తీరం కూడా అనకండి. ఊరు మారిన ప్రతిసారీ పెట్టెలు సర్దడం, స్టేషను, హోటల్లో చేరడం కలిపి సగం రోజు గంగలో కలుస్తుంది. పీసాలో వాలిన గోపురానికి చెయ్యి అడ్డుపెట్టి ఫొటో దిగాలని మీకుంటుందేమో గానీ, ఇరవయ్యేళ్ళవాడికి ఆ ఫొటో బయటపడితే సిగ్గు.

వెళ్ళేటప్పుడు రోమ్‌లో దిగండి, వచ్చేటప్పుడు వెనిస్‌లో విమానం ఎక్కండి. హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా రెండు ఊళ్ళకూ విమానాలున్నాయి. రానూపోనూ రోమ్‌కే తీసుకుంటే చివరి రోజంతా వెనక్కి రావడానికే సరిపోతుంది.

దసరా సెలవులు కుదిరితే అంతకు మించిన సమయం లేదు. జులై, ఆగస్టు వద్దే వద్దు. ఎండ మన ఎండలాగే ఉంటుంది, జనం మన జాతరలాగే ఉంటారు. ఆగస్టు 15 మనకు జెండా పండగైతే వాళ్ళకు ఫెర్రాగోస్తో అనే ఎండాకాలపు సెలవు పండగ. ఆ చుట్టుపక్కల వీధి చివర చిన్న హోటళ్ళు, దుకాణాలు చాలావరకు తాళం వేసుకుని సముద్రపు ఒడ్డుకి పోతాయి.

వీసా

దీని గురించి భయపడేవాళ్ళు ఎక్కువ, భయపడాల్సింది తక్కువ. ఇటలీకి కావాల్సింది షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా. దానికి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. మీరు మూడు నెలల ముందే పెట్టేయండి. పెద్దవాళ్ళకు రుసుము 90 యూరోలు, దరఖాస్తు కేంద్రం వాళ్ళ చార్జీలు వేరే. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పద్దెనిమిది దాటిన అబ్బాయి ఫారం మీద వాడే సంతకం చేయాలి. చదువుకుంటున్నాడు కాబట్టి కాలేజీ నుంచి బోనఫైడ్, ఖర్చు నాదేనని తండ్రి రాసిన ఉత్తరం జతచేస్తే సరి. పద్దెనిమిది లోపువాడికి తల్లిదండ్రులిద్దరి సమ్మతి కావాలి.

గదులు

"ఫ్యామిలీ రూమ్" అన్న మాట చూసి మోసపోకండి. నాలుగో మంచం అంటే చాలాచోట్ల సోఫా లాగితే వచ్చేది. ఆరడుగుల కొడుకు దాని మీద మూడు రాత్రులు పడుకుంటే నాలుగో రోజు వాడితో ఎవరూ మాట్లాడలేరు. రెండు గదులు తీసుకోండి. అబ్బాయిల గదికి రెండు విడి మంచాలు కావాలని రాసి మరీ అడగండి. అక్కడ "మాత్రిమోనియాలే" అంటే ఆలుమగల కోసం వేసిన ఒకే పెద్ద మంచం. మా వాళ్ళకి మొదటి రాత్రి అదే తగిలింది. ఇప్పటికీ ఒకరినొకరు ఏడిపించుకుంటారు.

ఒక్కటి గుర్తుంచుకోండి. హోటళ్ళన్నీ డబ్బు వెనక్కిచ్చే రకమే తీసుకోవాలి. ముందుముందు తేదీలు అటూ ఇటూ జరుగుతాయి.

టికెట్లు

ఇక్కడ నెమ్మదిగా చదవండి. మిగతా వాటిలో తప్పు చేస్తే కాస్త డబ్బు పోతుంది. ఇందులో తప్పు చేస్తే అంత దూరం వెళ్ళి గోడలు చూసి వస్తారు.

తిరుమల మూడొందల రూపాయల దర్శనం టికెట్ ఎలా బుక్ చేస్తామో తెలుసు కదా? విడుదల రోజు చూసుకుని, ఆధార్‌లో ఉన్న పేరుతో, గంట ప్రకారం. ఇటలీలో పెద్ద చోట్లన్నీ ఇంచుమించు అదే పద్ధతి. కొండకి వెళ్ళేవాళ్ళు ముందు దర్శనం చూసుకుని, ఆ తర్వాతే రైలూ గదీ చూసుకుంటారు. ఇటలీ అనేసరికి ఆ తెలివి ఎటు పోతుందో నాకు అర్థం కాదు.

ముందు కాగితం మీద సోమ, మంగళ అని వారాల పేర్లు రాయండి. తేదీలు తర్వాత. సోమవారం ఫ్లోరెన్స్‌లో ఉఫీజీ అనే చిత్రాల మ్యూజియం, డేవిడ్ విగ్రహం ఉన్న అకాదేమియా రెండూ మూత. రోమ్‌లో బోర్గేజే గ్యాలరీ కూడా మూతే. వాటికన్ మ్యూజియంలకి ఆదివారం సెలవు. నెలలో చివరి ఆదివారం మాత్రం తెరిచి ఉచితంగా వదులుతారు, ఆ రోజు అసలు ఆ వైపు పోవద్దు. బుధవారం ఉదయం పోప్ సభ ఉంటే సెయింట్ పీటర్స్ చర్చిలోకి మధ్యాహ్నం దాకా వెళ్ళడం కుదరదు. కాబట్టి సోమవారం ఫ్లోరెన్స్‌లో పడకూడదు. పడితే ఊళ్ళ తేదీలు జరపండి. హోటల్ డబ్బు వెనక్కొచ్చే రకం తీసుకోమన్నది ఇందుకే.

తర్వాత విడుదల తేదీలు. రోమ్‌లో పాతకాలపు పోరాటాల గోదా కొలోసియం, దాని టికెట్లు 30 రోజుల ముందు వదులుతారు. కింద నేలమాళిగలూ పోరాటం జరిగిన వేదికా కూడా చూపించే టికెట్ అన్నిటికంటే ముందు అయిపోతుంది. మగపిల్లలున్నవాళ్ళు కొనాల్సింది అదే. మామూలు టికెట్‌తో పై నుంచి తొంగి చూస్తే "స్టేడియమే కదా" అంటారు. సింహాలను పైకి లాగిన చోటు చూపిస్తే గంటసేపు కదలరు. వాటికన్‌వి దాదాపు రెండు నెలల ముందే వస్తాయి. బోర్గేజేలో బుకింగ్ లేకుండా లోపలికి రానివ్వరు, రెండు గంటలు కాగానే బయటికి పంపేస్తారు. అబ్బాయిలకి శిల్పాలంటే ఆసక్తి లేకపోతే దాన్ని వదిలేయండి, నేను ఏమీ అనుకోను. ఫ్లోరెన్స్ కతీడ్రల్ గుమ్మటం ఎక్కడానికీ సమయం బుక్ చేసుకోవాలి. మొత్తం 463 మెట్లు, లిఫ్టు లేదు. అది అబ్బాయిలకి, మీకు కింద కాఫీ.

ఇప్పుడు పేర్లు. మన తెలుగువాళ్ళు బోల్తా పడేది ఇక్కడే. తండ్రి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పెద్దాడి దాంట్లో ఒక్క అక్షరం ఉంటుంది, చిన్నాడి దాంట్లో ఆ గడి ఖాళీ. కొలోసియం టికెట్ మీద పేరు ముద్రిస్తారు, గేటు దగ్గర పాస్‌పోర్ట్‌తో సరిచూస్తారు. పాస్‌పోర్ట్ పక్కన పెట్టుకుని అక్షరం పొల్లుపోకుండా కొట్టండి. మా బంధువు ఒకాయన తన పెద్దకొడుకుకి ఇంట్లో పిలిచే పేరు పెట్టి టికెట్ తీశాడు. గేటు దగ్గర పావుగంట బతిమాలుకోవాల్సి వచ్చింది. అదృష్టం బాగుండి లోపలికి వదిలారు. అన్నిసార్లూ వదులుతారన్న భరోసా లేదు.

తర్వాత వయసులు. ఇటలీ ప్రభుత్వ మ్యూజియంలలో, అంటే కొలోసియం, ఉఫీజీ, అకాదేమియా, పాంపే వంటి చోట్ల, 18 నిండనివాళ్ళకి ఏ దేశంవాళ్ళైనా ప్రవేశం ఉచితం. ఇందులో రెండు రకాల తప్పులు చూశాను. ఒకరు తెలియక పదిహేడేళ్ళవాడికి పూర్తి డబ్బు కట్టారు. ఇంకొకరు "వాడికి ఫ్రీ కదా" అని వాడి పేరున టికెట్టే తీయలేదు. ఉచితమైనా ఆ గంటకి వాడి పేరున సున్నా టికెట్ ఉండాల్సిందే. ప్రయాణం లోపల పుట్టినరోజు వచ్చి 18 నిండుతుందేమో కూడా చూసుకోండి. 18 నుంచి 25 వరకు ఉండే తగ్గింపు యూరోపియన్ యూనియన్ వాళ్ళకి, మన వాళ్ళకి వర్తించదు. వాటికన్ వేరే రాజ్యం, దాని లెక్కలు దానివి. అక్కడ పదిహేడేళ్ళవాడికి టికెట్ ఉంది గానీ తగ్గింపు ధరకి. విద్యార్థి కార్డు చూపిస్తే 25 లోపు పెద్దాడికీ తగ్గింపే.

బుకింగ్ పని పెద్దాడికి అప్పగించండి. వాళ్ళ వేళ్ళు మన వేళ్ళకంటే చురుకు. కాకపోతే ముందురోజే బ్యాంకు యాప్‌లో కార్డుకి విదేశీ చెల్లింపులు ఆన్ చేసి పెట్టుకోవాలి. మన కార్డుల్లో అవి చాలావాటికి ఆఫ్‌లోనే ఉంటాయి. పైగా ఓటీపీ వచ్చేది కార్డు ఎవరిదో వాళ్ళ ఫోన్‌కి. మా ఇంట్లో సరిగ్గా ఆ నిమిషానికి ఆయన ఫోన్ చార్జింగ్‌లో పెట్టి వాకింగ్‌కి వెళ్ళారు. బుట్టలో టికెట్లకి ఇచ్చిన గడువు అయిపోయింది, ఉదయం గంట కాస్తా మధ్యాహ్నం గంట అయింది. కార్డు యజమాని పక్కనే కూర్చోవాలి. లేవకూడదు.

వెతికితే పైన కనిపించే సైట్లలో చాలావరకు దళారులవి. అదే టికెట్‌ని రెండింతలకి అమ్ముతాయి. అధికారిక సైటు ఏదో నిదానంగా చూసుకుని అక్కడే కొనండి.

రోజుకి ఒక్క టైము టికెట్టే పెట్టుకోవాలి, అదీ ఉదయానికే. ఉదయం వాటికన్, మధ్యాహ్నం కొలోసియం అని ఎవరైనా చెబితే వాళ్ళు ఎన్నడూ కొడుకులతో వెళ్ళలేదని అర్థం.

రైళ్ళు

కారు అద్దెకి తీసుకుంటామంటారు మగవాళ్ళు, ముఖ్యంగా కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్ళు. పాత ఊళ్ళ మధ్యలో అనుమతి లేని బండ్లు రాకూడని ప్రాంతాలుంటాయి, జెడ్‌టీఎల్ అంటారు. కెమెరా ఫొటో తీస్తుంది, జరిమానా కొన్ని నెలలకి ఇంటికొస్తుంది. రైలే ఎక్కండి. రోమ్ నుంచి ఫ్లోరెన్స్ గంటన్నర, అక్కడి నుంచి వెనిస్ రెండుంపావు గంటలు. వేగం రైళ్ళకి ముందుగా కొంటే చవక. చిన్న ఊళ్ళకి పోయే రైళ్ళ ధర ఎప్పుడూ ఒకటే. వాటి కాగితం టికెట్‌ని ఎక్కేముందు ప్లాట్‌ఫారం మీదున్న యంత్రంలో పెట్టి ముద్ర వేయించకపోతే టికెట్ చేతిలో ఉన్నా జరిమానా కట్టాల్సిందే.

వాళ్ళ రోజు వాళ్ళకి

ఒక్కో కొడుకుకి ఒక్కో పూర్తి రోజు రాసివ్వండి. ఆ రోజు ఎక్కడికెళ్ళాలో వాడే చెప్పాలి, మీరు నోరు మెదపకూడదు. మా పెద్దాడు కార్ల పిచ్చోడు. ఫ్లోరెన్స్ నుంచి బొలోనియా మీదుగా మొదెనా దాకా రైలు, అక్కడి నుంచి బస్సులో మరనెల్లో, ఫెరారీ మ్యూజియం. చిన్నాడు పాంపే అన్నాడు. రోమ్ నుంచి నేపుల్స్ గంటా పది నిమిషాలు, అక్కడి నుంచి చిర్కుంవెజువియానా అనే చిన్న రైల్లో ఇంకో ముప్పావు గంట. జేబులు జాగ్రత్త. పాంపేలో రోజుకి ఇరవై వేలమందినే వదులుతారు, దానికీ పేరుతోనే టికెట్. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద పడిన ఆ ఊళ్ళో రొట్టెల బట్టీ, తిండి అమ్మిన అరుగూ చూసి, ఇంట్లో మంచం దిగనివాడు నాలుగు గంటలు నడిచాడు.

సాయంత్రాలు వాళ్ళని వదిలేయండి. రాత్రి భోజనానికి ఎనిమిదింటికి ఫలానా చోట అని చెబితే చాలు. పన్నెండు రోజులకి నాలుగు దేశాలు చూపించే బస్సు టూర్లలో ఇదే కుదరదు. నలభైమంది, మైకు, మధ్యాహ్నానికి మన పప్పన్నం, వెనక సీట్లో చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్న మీ కొడుకులు. ఆ డబ్బుకి ఇంట్లో ఏసీ పెట్టించండి.

తిండి, పెట్టెలు

శాకాహారులకి పిజ్జా మరినారా ఉంది, అందులో చీజే ఉండదు. పార్మీజానో చీజ్‌లో దూడ కడుపు నుంచి తీసిన పదార్థం వాడతారు, పట్టింపు ఉన్నవాళ్ళు అడిగి తినాలి. బిల్లులో "కోపెర్తో" అని కనిపిస్తే అది కూర్చున్నందుకు తలకింత, గొడవపడకండి. రోమ్‌లో వీధి కుళాయిల నీళ్ళు నిక్షేపంగా తాగచ్చు, సీసాలు పట్టుకెళ్ళండి. ఆవకాయ పట్టుకెళ్ళచ్చు. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్ళు యూరప్‌లోకి తీసుకెళ్ళకూడదు, పచ్చి కరివేపాకూ అంతే. మోకాళ్ళు, భుజాలు కనిపిస్తే వాటికన్‌లో ఆపేస్తారు. అబ్బాయిలు నిక్కర్లతోనే బయల్దేరతారు, ముందురోజు రాత్రే ప్యాంట్లు తీయించి కుర్చీ మీద పెట్టండి.

వెనిస్‌లో ఒక్క మాట. మెస్త్రే స్టేషన్‌లో అందరూ లేచారని మీరూ దిగిపోకండి. దిగాల్సింది దాని తర్వాత వచ్చే సాంతా లూచియాలో. బయటికి రాగానే ఎదురుగా కాలువ ఉంటుంది, రోడ్డు ఉండదు, ఆటో ఉండదు. హోటల్‌కి వెళ్ళేదాకా వంతెనలు, ప్రతి వంతెనకీ మెట్లు. మనిషికొక పెట్టె చాలు. మీది పెద్దాడికి ఇవ్వండి, మీ ఆయనది చిన్నాడికి.