పీఎం స్వనిధి రుణం: ఏ గుర్తింపు కార్డూ లేని వీధి వ్యాపారి దరఖాస్తు చేసుకునే విధానం

లాక్‌డౌన్ ఎత్తేశాక తోపుడు బండ్ల వాళ్లకు బండి ఉంది, బేరం చేసుకునే చోటు ఉంది, సరుకు ఎత్తడానికి డబ్బే లేదు. చేతిలో తిరిగే కాస్త పెట్టుబడీ ఇంట్లో కూర్చున్న ఆ రోజుల్లో బియ్యానికీ అద్దెకీ అయిపోయింది. బ్యాంకుకు వెళ్దామంటే తాకట్టు పెట్టేందుకు ఏమీ లేదు, వ్యాపారం చేస్తున్నట్టు చూపించే కాగితమూ లేదు. మిగిలింది హైదరాబాద్‌లో గిరిగిరి అని, బెజవాడ వైపు కాల్‌మనీ అని పిలిచే అప్పులే. పొద్దున తొమ్మిది వందలు చేతిలో పెట్టి, సాయంత్రానికి వెయ్యి వసూలు చేసుకునే బాపతు అప్పులవి.

అలాంటి వాళ్ల కోసమే కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2020 జూన్ 1న పీఎం స్వనిధి పథకం మొదలుపెట్టింది. 2025 ఆగస్టు 27న కేంద్ర మంత్రివర్గం రుణాలిచ్చే గడువును 2030 మార్చి 31 దాకా పొడిగించింది, రుణ మొత్తాలనూ పెంచింది. అప్పట్లో "కార్డు లేదు కదా, మీకు రాదు" అనిపించుకుని వెనక్కి వచ్చేసిన వాళ్లు చాలామంది ఉన్నారు. నిజానికి కార్డు లేని వాళ్లకూ ఈ పథకంలో దారి ఉంది. ఇది ముఖ్యంగా వాళ్ల కోసమే రాస్తున్నాను.

ఇది తిరిగి కట్టాల్సిన డబ్బు

పథకం కొత్తలో చాలామంది దీన్ని ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే సాయం అనుకున్నారు. ఇది అప్పు. తాకట్టు అక్కర్లేదు, ష్యూరిటీ అక్కర్లేదు, కానీ నెలనెలా వాయిదా కట్టాలి. మొదటి విడతలో 15,000 రూపాయల దాకా ఇస్తారు (2025కి ముందు ఇది 10,000), ఏడాదిలో తీర్చాలి. అది తీరిస్తే రెండో విడతలో 25,000 దాకా, దాన్నీ తీరిస్తే మూడో విడతలో 50,000 దాకా వస్తుంది. రెండో దానికి 18 నెలలు, మూడో దానికి 36 నెలల గడువు. మొదటిసారే 50,000 ఇప్పిస్తానని ఎవరైనా చెబితే నమ్మకండి. అలాంటి దారి ఈ పథకంలో లేదు.

ఎవరు అర్హులు

రోడ్డు పక్కన, ఫుట్‌పాత్ మీద, బండి మీద, నెత్తిన గంపతో, ఎలా అమ్మినా వీధి వ్యాపారే. కూరగాయలు, పండ్లు, టీ, మిర్చి బజ్జీలు, బట్టలు, పుస్తకాలు, చేతిపని వస్తువులు అన్నీ ఇందులోకి వస్తాయి. వస్తువు అమ్మకపోయినా ఫర్వాలేదు. చెప్పులు కుట్టేవాళ్లు, రోడ్డు పక్కన క్షవరం చేసేవాళ్లు, ఇస్త్రీ బండి వాళ్లు కూడా అర్హులే. ఈ సంగతి వాళ్లలోనే చాలామందికి తెలియదు.

దరఖాస్తుదారులను నాలుగు వర్గాలుగా చూస్తారు. మున్సిపాలిటీ ఇచ్చిన వెండింగ్ సర్టిఫికెట్ గానీ గుర్తింపు కార్డు గానీ ఉన్నవాళ్లు మొదటి వర్గం. మున్సిపాలిటీ చేసిన వీధి వ్యాపారుల సర్వేలో పేరు ఉండి కార్డు చేతికి రానివాళ్లు రెండో వర్గం, వాళ్లకు పోర్టల్ ద్వారా తాత్కాలిక సర్టిఫికెట్ వస్తుంది. సర్వేలో పేరే ఎక్కనివాళ్లు, సర్వే అయ్యాక వ్యాపారం మొదలుపెట్టినవాళ్లు మూడో వర్గం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పట్టణానికి వచ్చి అమ్ముకుని సాయంత్రానికి తిరిగి వెళ్లిపోయేవాళ్లు నాలుగో వర్గం. ఈ చివరి రెండు వర్గాల వాళ్లకు కావాల్సింది సిఫార్సు లేఖ. అసలు కష్టం అక్కడే ఉంది కాబట్టి దాని గురించే వివరంగా చెబుతాను.

సిఫార్సు లేఖ ఎలా తెచ్చుకోవాలి

ఈ లేఖ ఇవ్వాల్సింది మీరు వ్యాపారం చేసే చోటి మున్సిపాలిటీ లేదా కార్పొరేషన్, లేకపోతే అక్కడి టౌన్ వెండింగ్ కమిటీ, అంటే ఆ పట్టణంలో వీధి వ్యాపారుల వ్యవహారాలు చూసే కమిటీ. మీరు ఉండే ఊరు వేరైనా వెళ్లాల్సింది అమ్ముకునే చోటి ఆఫీసుకే. పల్లె నుంచి పొద్దున్నే ఆకుకూరల మూటతో బస్సెక్కి వచ్చే ఆడవాళ్లను "మీది మా ఊరు కాదు" అని తిప్పి పంపకూడదు. నాలుగో వర్గం పెట్టింది సరిగ్గా వాళ్ల కోసమే.

లేఖ కోసం పోర్టల్‌లోనే దరఖాస్తు పెట్టవచ్చు. లేదా తెల్ల కాగితం మీద అర్జీ రాసి మున్సిపల్ ఆఫీసులో ఇవ్వవచ్చు. అర్జీకి ప్రత్యేక ఫారం ఏమీ లేదు. ఇలా రాస్తే సరిపోతుంది:

"గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి, నేను ఫలానా రోడ్డులో, ఫలానా గుడి ఎదుట, ఇన్ని సంవత్సరాలుగా పూలు అమ్ముకుని జీవిస్తున్నాను. వీధి వ్యాపారుల సర్వేలో నా పేరు నమోదు కాలేదు. పీఎం స్వనిధి రుణం కోసం నాకు సిఫార్సు లేఖ ఇప్పించవలసిందిగా కోరుతున్నాను." కింద పేరు, ఆధార్ నంబరు, ఫోన్ నంబరు, తేదీ, సంతకం లేదా వేలిముద్ర.

చోటు రాసేటప్పుడు "బస్టాండ్ దగ్గర" అని వదిలేయకండి. ఎవరైనా వచ్చి చూసుకోవాలంటే మిమ్మల్ని పట్టుకోగలగాలి. ఏ గేటు పక్కన, ఏ కొట్టు ముందు, ఏ వేళల్లో ఉంటారో రాయండి. సాయంత్రం మాత్రమే బండి పెట్టేవాళ్లు ఆ మాట తప్పకుండా రాయాలి. సిబ్బంది పొద్దున వచ్చి చూసి, అక్కడ ఎవరూ లేరని రాసుకుపోతే అర్జీ అక్కడితో ఆగిపోతుంది.

అర్జీతో పాటు వ్యాపారం చేస్తున్నట్టు చూపించేది ఏదో ఒకటి జత చేయండి. వీధి వ్యాపారుల సంఘం సభ్యత్వ కార్డు ఉంటే మంచిది. లాక్‌డౌన్‌లో వీధి వ్యాపారులకని ప్రభుత్వం ఏదైనా సాయం ఇచ్చి ఉంటే, అది జమ అయిన పాస్‌బుక్ పేజీ పనికొస్తుంది. ఇవేవీ లేకపోతే ఇంట్లో ట్రంకు పెట్టె వెతకండి. పాత తైబజారు రసీదు, ఆశీలు చీటీ, రోడ్డు మీద బండి పెట్టినందుకు వేసిన జరిమానా రసీదు, ఏది దొరికినా తీసుకెళ్లండి. బండి తీసేయమని వేసిన జరిమానాయే మీరు అక్కడ వ్యాపారం చేశారనడానికి సాక్ష్యం అవుతుంది.

అర్జీ అందిన 15 రోజుల్లో మున్సిపాలిటీ తేల్చాలని పథకం మార్గదర్శకాలు చెబుతున్నాయి. అందుకే అర్జీ రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర లేకపోతే 15 రోజులు ఎప్పటి నుంచి లెక్కో చెప్పేవాళ్లు ఉండరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింట్లోనూ పట్టణాల్లో ఈ పని ఎక్కువగా మెప్మా, అంటే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ సిబ్బంది చూస్తారు. మీ వాడలో పొదుపు సంఘాలు చూసే రిసోర్స్ పర్సన్‌ను, అంటే అందరూ ఆర్పీ మేడమ్ అని పిలిచే ఆవిడను ముందు కలిస్తే ఆఫీసులో ఏ టేబుల్ దగ్గరికి వెళ్లాలో తెలుస్తుంది.

పోర్టల్ తెరిచే ముందు

ఎక్కువ దరఖాస్తులు ఆగేది ఓటీపీ దగ్గర. ఆధార్‌కు ఏ ఫోన్ నంబరు జత చేశారో ఆ నంబరుకే ఓటీపీ వస్తుంది. ఎప్పుడో రీచార్జ్ చేయక పోయిన సిమ్, ఇప్పుడు వేరే ఊళ్లో పనిచేస్తున్న కొడుకు నంబరు జతై ఉన్నాయేమో ముందే చూసుకోండి. అలా ఉంటే ఆధార్ కేంద్రానికి వెళ్లి మార్పించుకోవాలి. అందుకు కొన్ని రోజులు పట్టవచ్చు, కాబట్టి మొదటి పని ఇదే పెట్టుకోండి.

రెండోది పేరు. ఆధార్‌లో ఇంటి పేరు పూర్తిగా ఉండి, పాస్‌బుక్‌లో పొడి అక్షరం మాత్రమే ఉంటే బ్యాంకు దగ్గర పేచీ వస్తుంది. పెళ్లయ్యాక ఇంటి పేరు మారిన ఆడవాళ్లు ఇది తప్పకుండా సరిచూసుకోవాలి. కాగితాల సంగతికొస్తే ఆధార్, ఓటరు కార్డు, బ్యాంకు పాస్‌బుక్ దగ్గర పెట్టుకుంటే చాలు.

దరఖాస్తు నింపడం

పీఎం స్వనిధి పోర్టల్ ప్రభుత్వానిది. వెబ్‌సైట్ చిరునామా చివర "గవ్ డాట్ ఇన్" ఉందో లేదో చూడండి, లేకపోతే వెంటనే మూసేయండి. సొంతంగా నింపలేనివాళ్లు కామన్ సర్వీస్ సెంటర్‌కు గానీ, మున్సిపల్ ఆఫీసుకు గానీ, బ్యాంకు తరఫున బయట సేవలందించే బ్యాంకు కరస్పాండెంట్ దగ్గరికి గానీ వెళ్లవచ్చు. పోర్టల్‌లో దరఖాస్తుకు రుసుము లేదు. లోన్ శాంక్షన్ చేయిస్తాను, ముందు ఇంత ఇవ్వు అనే మధ్యవర్తికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. బ్యాంకులో సంతకం పెట్టాల్సింది మీరే. ఆ మనిషి మీ బదులు చేయగలిగిందేమీ లేదు.

ఫోన్ నంబరుతో లాగిన్ అయ్యాక పై నాలుగు వర్గాల్లో మీది ఎంచుకోవాలి. సర్వేలో పేరుందో లేదో తెలియనివాళ్లు పోర్టల్‌లోనే వెతుక్కోవచ్చు. పేరు దొరికితే సిఫార్సు లేఖ గొడవే ఉండదు, కాబట్టి ఈ వెతుకులాట దాటేయకండి. తర్వాత ఆధార్ ధ్రువీకరణ, వ్యాపారం వివరాలు, బ్యాంకు ఖాతా వివరాలు అడుగుతుంది.

చివర్లో ఏ బ్యాంకు నుంచి రుణం కావాలో అడుగుతుంది. ఇక్కడ తొందరపడకండి. ఈ పథకంలో ప్రభుత్వ, ప్రైవేటు, గ్రామీణ, సహకార బ్యాంకులతో పాటు ఫైనాన్స్ కంపెనీలు, మైక్రోఫైనాన్స్ సంస్థలు కూడా రుణమిస్తాయి. వడ్డీ రేటు అందరిదీ ఒకటి కాదు. ప్రభుత్వం ఇచ్చే రాయితీ మాత్రం ఎక్కడ తీసుకున్నా ఏడు శాతమే. అంటే వడ్డీ ఎక్కువైన చోట మిగతా భారం మీ మీదే పడుతుంది. ఇప్పటికే ఖాతా ఉన్న బ్యాంకునే ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం. అక్కడ మీ లావాదేవీలు కనిపిస్తాయి, కాగితాల పని కూడా తగ్గుతుంది.

దరఖాస్తు పంపాక వచ్చే నంబరును ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. స్థితి చూసుకోవడానికీ, రేపు ఫిర్యాదు చేయాల్సి వచ్చినా అదే ఆధారం.

వడ్డీ రాయితీ, క్యాష్‌బ్యాక్

ఏడు శాతం రాయితీ మూడు నెలలకోసారి మీ ఖాతాలో పడుతుంది. వాయిదాలో ముందే తగ్గించరు. మీరు పూర్తి వడ్డీతో వాయిదా కడతారు, రాయితీ తర్వాత వెనక్కి వస్తుంది. ఇది తెలియక, చెప్పిన దానికంటే ఎక్కువ కోస్తున్నారని బ్యాంకు వాళ్లతో గొడవ పడ్డవాళ్లు ఉన్నారు. 15,000 రుణాన్ని పన్నెండు వాయిదాల్లో సక్రమంగా తీరిస్తే వెనక్కి వచ్చేది ఏడాది మొత్తానికి సుమారు 550 నుంచి 600 రూపాయలు. వాయిదాలు తప్పి ఖాతా మొండి బకాయిల్లో పడితే ఆ కాలానికి రాయితీ రాదు. గడువుకు ముందే తీర్చేస్తే జరిమానా లేదు, రాయితీ కూడా పోదు.

క్యూఆర్ కోడ్ పెట్టుకుని ఫోన్‌పే, గూగుల్ పే లాంటి వాటితో డబ్బు తీసుకుంటే క్యాష్‌బ్యాక్ ఉంది. చిల్లర అమ్మకాలకూ, టోకు కొనుగోళ్లకూ కలిపి 1,600 రూపాయల దాకా వస్తుంది. రెండో రుణం తీర్చినవాళ్లకు యూపీఐకి జతచేసే రూపే క్రెడిట్ కార్డు ఇవ్వాలని 2025లో నిర్ణయించారు. ఇది రోజూ సరుకు ఎత్తేవాళ్లకు పనికొచ్చేదే. కానీ బిల్లు గడువు దాటితే క్రెడిట్ కార్డు వడ్డీ కూడా తక్కువేమీ కాదు, జాగ్రత్త.

రుణం తీసుకున్న కుటుంబాలను ఇతర సంక్షేమ పథకాల్లో చేర్చే కార్యక్రమం కూడా 2021 నుంచి నడుస్తోంది. బ్యాంకుకు వెళ్లిన రోజే ఏడాదికి 20 రూపాయలు కట్టే సురక్షా బీమా యోజనలో చేరండి. ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి రెండు లక్షలు వస్తాయి. రోడ్డు అంచున నిలబడి బతికేవాళ్లకు ఇది అందరికంటే ఎక్కువ అవసరం.

బ్యాంకు కాదంటే

కాదన్న కారణం కాగితం మీద అడగండి. నోటిమాటగా "సిబిల్ (పాత అప్పులు ఎలా తీర్చారో చూపించే స్కోరు) బాగాలేదు" అంటే, ఏ పాత అప్పు బకాయి ఉందో చెప్పమనండి. ఎప్పుడో కొన్న ఫోన్ ఈఎంఐలో మిగిలిపోయిన చివరి వాయిదా కూడా కారణం కావచ్చు. దాన్ని కట్టి, బకాయి లేదని పత్రం తెచ్చుకుంటే మళ్లీ అడగడానికి వీలుంటుంది. తాకట్టు పెట్టమంటే మాత్రం ఒప్పుకోకండి. ఈ రుణాలకు ప్రభుత్వ హామీ ఉంది, తాకట్టు అడగకూడదన్నది పథకం నిబంధనే.

సిఫార్సు లేఖ విషయంలో ఆలస్యమైతే మున్సిపల్ కమిషనర్‌కు, ఆ తర్వాత సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో లేదా ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టండి. ముద్ర వేయించుకున్న ప్రతి జత చేయడం మరవొద్దు. బ్యాంకు విషయమైతే ముందు ఆ బ్రాంచిలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి, జిల్లాలో బ్యాంకులన్నిటినీ సమన్వయం చేసే లీడ్ బ్యాంక్ మేనేజర్‌కూ ఒక ప్రతి పంపండి. బ్యాంకు నుంచి 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దానికీ రుసుము లేదు, తెలుగులో రాసిన కాగితం పోస్టులో పంపినా తీసుకుంటారు.