కాలయానం లెక్కలు – మూడో పాఠం: బ్రిగేడియర్ ఎప్పుడు రిటైరయ్యాడు?

ముందు పోయినసారి హోంవర్క్ సంగతి. డాక్టర్ అనే కాలయాత్రికుడి మీద నడిచే బ్రిటిష్ టీవీ సీరియల్ ‘డాక్టర్ హూ’లో, సముద్రంలో మునిగిపోయిందని కథలు చెప్పే అట్లాంటిస్ ద్వీపం ఎన్నిసార్లు నాశనమైంది అని అడిగాను. మా ఆదివారం గుంపులో అందరూ ‘మూడుసార్లు’ అనే రాసుకొచ్చారు. ఒక్కో కథనూ విడిగా చూద్దాం.

‘ది అండర్‌వాటర్ మెనేస్’ (1967) మొదలయ్యేసరికే అట్లాంటిస్ సముద్రం కింద ఉంది. మిగిలిన జనం అడుగున బతుకుతుంటారు, చివర్లో వాళ్లున్న చోటికీ నీళ్లొచ్చేస్తాయి. అంటే ఇది మునిగిన తర్వాతి కథ. దీనికి దేనితోనూ తగువు లేదు. ‘ది డీమన్స్’ (1971)లో అజాల్ అనే జీవి, అట్లాంటిస్‌ను తన జాతే తుడిచిపెట్టిందన్నట్టు మాట్లాడతాడు. ‘ది టైమ్ మాన్‌స్టర్’ (1972)లో క్రోనోస్ అనే ఇంకో జీవి దాన్ని నాశనం చేయడం తెర మీదే జరుగుతుంది. తగువంతా ఈ రెండింటి మధ్యే. ఒకటి మనం చూసింది, ఇంకొకటి విన్నది. పైగా అజాల్ ఆ మాట అన్నది ఎదుటివాళ్లను బెదిరిస్తూ. బెదిరించేవాడి మాటను సాక్ష్యంగా రాసుకోవచ్చు గానీ, కంటికి కనబడినదాని పక్కన కూర్చోబెట్టకూడదు. రెండు కథల్లోనూ రాబర్ట్ స్లోమన్ చెయ్యి ఉంది. మధ్యలో గడిచింది ఏడాదే. ఆ కాలంలో ఒకసారి ప్రసారమైన కథను జనం మళ్లీ చూస్తారని రాసేవాళ్లు అనుకునేవారు కాదు. ఈ సీరియల్ చిక్కుల్లో సగం పుట్టింది అక్కడే.

మొదటి పాఠంలో నోట్‌బుక్‌లో మూడు గడులు గీశాం: చూసింది, విన్నది, మన ఊహ. రెండో పాఠంలో రేవతి కథ చెప్పుకున్నాం. కకుద్మి కూతురిని వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్లాడు, అక్కడ పాట అయ్యేదాకా ఆగాడు, తిరిగొచ్చేసరికి భూమ్మీద 27 మహాయుగాలు గడిచిపోయాయి. రేవతి వయసు ఒక గడియారం, భూమి వయసు ఇంకో గడియారం. ప్రతి పాత్రకూ దాని సొంత గడియారం రాయాలని అప్పుడే చెప్పాను. ఆ రెండూ చేతిలో ఉంటేనే ఈ పాఠం పట్టుబడుతుంది. ఇవాళ నేర్చుకునేది ఆధారాల బరువు తూచడం.

సీరియల్ జోలికి వెళ్లేముందు ఇంట్లోనే ఒక చిన్న సాధన. మా గుంపులో పెద్దాయన ఒకరున్నారు, అందరం బాబాయ్ అంటాం. మురుగేష్‌పాళ్యలో ఉంటారు. పోయిన ఆదివారం ఆయన్ని అడిగాను.

“బాబాయ్, మీరు బెంగళూరు ఎప్పుడొచ్చారు?”

“2010 అమ్మా.”

“పిన్ని ఎప్పుడొచ్చారు?”

“నేనొచ్చిన ఆర్నెల్లకి. ఎయిర్‌పోర్టుకి నేనే వెళ్లా. ఆటోవాడు దగ్గరే కదా అని రానన్నాడు. నడుచుకుంటూ వెళ్లి, సూట్‌కేసు నెత్తిన పెట్టుకుని నడుచుకుంటూ తీసుకొచ్చా.”

అందరూ పెన్నులు ఆపేశారు. మురుగేష్‌పాళ్య నుంచి నడిచి వెళ్లగలిగే ఎయిర్‌పోర్టంటే పాత హెచ్.ఏ.ఎల్. ఎయిర్‌పోర్టే. దేవనహళ్లిలో కొత్త ఎయిర్‌పోర్టు 2008 మే నెలలో తెరిచారు. దాంతో మామూలు ప్రయాణికుల విమానాలన్నీ అక్కడికి మారిపోయాయి. కాబట్టి పిన్ని వచ్చింది 2008 మే కంటే ముందు, బాబాయ్ 2007లోనో అంతకంటే ముందో. 2010 అనేది ఆయన నోట్లో ఊరిన గుండ్రటి అంకె. సూట్‌కేసు మాత్రం నిజంగా ఆయన నెత్తి మీదున్నది.

సూత్రం ఇదే: అంకె తేలిక, ఘటన బరువు. మనిషి అంకె మర్చిపోతాడు, సవరిస్తాడు, గుండ్రం చేస్తాడు. ఎక్కడ నడిచాడో, ఏం మోశాడో అంత తేలిగ్గా మారదు. సీరియల్ రచయితలకూ అంతే. పాత్ర నోట్లో ఒక ఏడాది పెట్టడానికి అరక్షణం చాలు. కథ మొత్తాన్ని ఒక ఏడాది మీద కట్టాలంటే నెలల పని.

ఇప్పుడు అసలు చిక్కు. అరవై ఏళ్లు దాటిన ఈ సీరియల్‌లో (మొదటి ఎపిసోడ్ 1963 నవంబర్ 23న వచ్చింది) అభిమానులు ఎక్కువగా కొట్టుకున్నది దీని గురించే. డాక్టర్ భూమ్మీద యూనిట్ అనే సైనిక దళంతో కలిసి పనిచేసిన కథలు ఏ ఏళ్లలో జరిగాయి? డెబ్బైలలోనా, ఎనభైలలోనా?

ఒక్కో ఆధారానికి ఒక్కో చీటీ రాయండి. నోట్‌బుక్ గడుల్లో రాస్తే తర్వాత జరపలేరు. పాత పెళ్లి శుభలేఖలు ముక్కలు చేస్తే మంచి చీటీలవుతాయి, ఫ్యాన్ గాలికి ఎగరవు.

మొదటి చీటీ. ‘ది అబామినబుల్ స్నోమెన్’ (1967) జరిగేది 1935లో, హిమాలయాల్లో. అందులోని ట్రావర్స్ ‘ది వెబ్ ఆఫ్ ఫియర్’ (1968)లో ముసలివాడై కనబడతాడు. అప్పటికి నలభై ఏళ్లు దాటిపోయాయని మాటల్లో వస్తుంది. అంటే 1975 లేదా ఆ తర్వాత. మన బ్రిగేడియర్ లెత్‌బ్రిడ్జ్-స్టువర్ట్ తొలిసారి కనబడేదీ ఈ కథలోనే, అప్పటికింకా కర్నలే. ఈ కథలో పోయాయనుకున్న ఎపిసోడ్లు 2013లో నైజీరియా నుంచి తిరిగొచ్చాయి. కానీ వాటిలో మూడోది లేదు. కర్నల్ మొదటిసారి మన ముందుకొచ్చేది సరిగ్గా ఆ మూడో ఎపిసోడ్‌లోనే. ఆడియో మాత్రం మిగిలింది. ఇలాంటి చోట చీటీ మూలన ‘విన్నది మాత్రమే’ అని తప్పకుండా రాయండి. బొమ్మ లేనప్పుడు గోడ మీద క్యాలెండర్ ఉందో లేదో మనకు తెలియదు.

రెండో చీటీ. ‘ది ఇన్వేజన్’ (1968)లో ఆయన బ్రిగేడియర్ అయ్యాడు. ‘వెబ్ ఆఫ్ ఫియర్’ సంగతి జరిగి నాలుగేళ్లయి ఉంటుందంటాడు. 1975కి నాలుగు కలిపితే 1979. యూనిట్ కథలన్నీ దీని తర్వాతే.

మూడో చీటీ. ‘పిరమిడ్స్ ఆఫ్ మార్స్’ (1975). కథ జరిగేది 1911లో. డాక్టర్ వెంట తిరిగే విలేఖరి సారా జేన్ తాను 1980 నుంచి వచ్చానంటుంది. ఇప్పుడు వెళ్లిపోతే ఏమవుతుందో చూపించడానికి డాక్టర్ ఆమెను 1980కి తీసుకెళ్తాడు, తలుపు తీస్తే పాడుబడిన భూమి. సీరియల్ మొత్తంలో నాకు బాగా ఇష్టమైన సన్నివేశాల్లో అదొకటి.

నాలుగో చీటీ. ‘మాడ్రిన్ అన్‌డెడ్’ (1983). ఇది రెండు కాలాల్లో నడుస్తుంది. ఒకటి 1977, ఎలిజబెత్ రాణి సిల్వర్ జూబిలీ రోజులు. ఇంకొకటి 1983. రెంటిలోనూ బ్రిగేడియర్ ఒక స్కూల్లో లెక్కల మాస్టారు. 1977 నాటికే యూనిట్ నుంచి రిటైరై ఏడాదైంది. అంటే 1976.

చీటీలు వరసగా పెట్టండి. 1979 తర్వాత యూనిట్‌లో పనిచేస్తున్న మనిషి 1976లో రిటైరయ్యాడు!

ఇక్కడ మా పక్క ఫ్లాట్ తమ్ముడు ఒక మంచి ప్రశ్న వేశాడు. “అక్కా, సారా 1980 అన్నది ఊరికే రౌండ్ ఫిగర్ అయ్యుండొచ్చు కదా? స్వల్ప అడ్జస్ట్ మాడి!”

అడ్జస్ట్ చేయొచ్చు. ఎంతవరకు అన్నదే నేర్చుకోవాల్సింది. ఒకటి రెండేళ్లయితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. మనలో ఎవరైనా 1978ని ‘ఎనభై’ అనేస్తాం. కానీ ‘టెర్రర్ ఆఫ్ ది జైగాన్స్’ (1975)లో సారా తన సొంత కాలంలో ఉన్నప్పుడు, బ్రిగేడియర్ ఇంకా యూనిట్‌ను నడుపుతూనే ఉన్నాడు. ఆయన 1976లో దిగిపోయుంటే, సారా కాలం ఎంత లాగినా 1976 దాటదు. 1980కీ దానికీ నాలుగేళ్లు. ఒక పత్రికా విలేఖరి తానున్న ఏడాదిని నాలుగేళ్లు తప్పు చెప్పదు. పైగా అదే అంకెకు డాక్టర్ తన వాహనాన్ని తిప్పాడు. కాబట్టి గుండ్రం చేసిందన్న జవాబు ఇక్కడ చెల్లదు. తమ్ముడు ఒప్పుకున్నాడు, చీటీ వెనక ‘రౌండ్ ఫిగర్ – కొట్టివేత’ అని రాశాడు. కొట్టేసిన జవాబులు కూడా రాసుకోవాలి. లేకపోతే నెల తర్వాత మళ్లీ అదే జవాబు కొత్తగా తడుతుంది.

ఇంకో చీటీ ఉంది. జైగాన్స్ కథలోనే బ్రిగేడియర్ ఫోన్‌లో బ్రిటన్ ప్రధానిని ‘మేడమ్’ అంటాడు. బ్రిటన్ తొలి మహిళా ప్రధాని థాచర్ ఆ కథ వచ్చినప్పుడు ప్రతిపక్ష నాయకురాలే, 1979 మేలో గానీ ప్రధాని కాలేదు. ఇది ఘటన కదా, సారా వైపు బరువు పెరిగినట్టేనా? నేను చాలాకాలం అలాగే అనుకున్నాను. తర్వాత ‘ది గ్రీన్ డెత్’ (1973) మళ్లీ చూశాను. అందులో ఇదే బ్రిగేడియర్ ఫోన్‌లో ప్రధానిని ‘జెరెమీ’ అంటాడు. మన చరిత్రలో బ్రిటన్‌కు ఆ పేరుతో ప్రధాని ఎవరూ లేరు. అంటే ఆ ప్రపంచంలో ప్రధానుల వరుస వేరు. వరుస వేరైనప్పుడు ‘మేడమ్’ ఏ ఏడాదికీ మేకు కాదు. ఒక ఆధారం తేలిపోవడానికి కారణం ఇంకో కథలో దొరకడం చూశారా? అందుకే చీటీలు ఒకే బల్ల మీద పరవాలి. ‘ది డీమన్స్’లో కనిపించే బీబీసీ 3 ఛానల్ కూడా ఇలాంటిదే. నిజంగా ఆ పేరుతో ఛానల్ వచ్చింది 2003లో. రచయితలు ఈ కథల్ని తమ కాలానికి కాస్త ముందు ఊహించుకున్నారని అది చెబుతుంది, ఏడాది మాత్రం చెప్పదు.

ఇక తూకం. దీన్ని ‘చీటీ తీసే పరీక్ష’ అనుకుందాం. ఫ్లాట్‌లో గోడ పగలగొట్టేముందు మేస్త్రీ అది బరువు మోసే గోడా, మధ్యలో కట్టిన పార్టిషనా అని చూస్తాడు. మనమూ అంతే. ఒక్కో చీటీ తీసేసి, కథ నిలుస్తుందా లేదా చూడాలి.

ట్రావర్స్ నలభై ఏళ్లను ముప్ఫై ఐదు చేయండి. ‘వెబ్ ఆఫ్ ఫియర్’లో ఒక్క సన్నివేశం కదలదు. బ్రిగేడియర్ చెప్పిన నాలుగేళ్లను ఒకటి చేయండి, ఏమీ కాదు. సారా 1980ని 1975 చేయండి. పాడుబడిన భూమి అలాగే ఉంటుంది, గుండె అలాగే జలదరిస్తుంది. ఆ సన్నివేశానికి కావలసింది ‘సారా ఇల్లు’, అంకె కాదు. ఇప్పుడు 1977ను కదపండి. జూబిలీ పోతుంది. రెండో కాలం 1983ను కూడా అంతే దూరం జరపాలి. ఆ ఆరేళ్ల మధ్య బ్రిగేడియర్ ఎందుకు జ్ఞాపకం పోగొట్టుకున్నాడన్నదే కథ. ఇద్దరు బ్రిగేడియర్లు ఎదురుపడి చేతులు తగిలిన క్షణమే దానికి కీలకం. మూడు ముడులు ఒకేసారి విప్పితే గానీ ఆ ఏడాది కదలదు.

లెక్కకు సారా వైపు చీటీలు ఎక్కువ. బరువు మాత్రం బ్రిగేడియర్ వైపు. ఈ పరీక్ష ప్రకారం యూనిట్ కథలు డెబ్బైల మొదట్లో, ఇంచుమించు ప్రసారమైన ఏళ్లలోనే జరిగాయి. సారా అంటే నాకు ప్రాణం, అయినా తూకం చూపించినదే రాస్తాను.

ఈ చిక్కు ఎలా పుట్టిందో తెలిస్తే తూకం మీద నమ్మకం పెరుగుతుంది. ‘మాడ్రిన్ అన్‌డెడ్’ను మొదట బ్రిగేడియర్ కోసం అనుకోలేదు. 1963 నాటి స్కూల్ మాస్టారు ఇయాన్ చెస్టర్టన్ తిరిగొచ్చే కథగా అనుకున్నారు. అది కుదరక ఆ స్థానంలోకి బ్రిగేడియర్ వచ్చాడు. స్కూలు, రెండు కాలాలు ముందే ఉన్నాయి, మనిషి తర్వాత వచ్చాడు. అందుకే ఏడాదులు కథకు అంత గట్టిగా అతుక్కుని ఉన్నాయి, ఆయన పాత కథలతో అంత తేలిగ్గా తెగిపోయాయి.

కల్పభేదం సంగతి అడుగుతారని తెలుసు. రెండు పురాణాల్లో ఒకే కథ రెండు రకాలుగా ఉంటే ప్రవచనం చెప్పేవారు ‘అది వేరే కల్పంలో జరిగింది’ అంటారు. ఇక్కడ కూడా సీరియల్‌లో చెప్పే కాలయుద్ధంలో చరిత్ర మారిపోయిందనొచ్చు. నేను వద్దనను. కానీ ఆ జవాబు అట్లాంటిస్‌కూ సరిపోతుంది, యూనిట్‌కూ సరిపోతుంది, రేపు మీరు చేసే తప్పుకూ సరిపోతుంది. అన్ని తాళాలకూ పట్టే చెవి ఏ తాళం గురించీ ఏమీ చెప్పదు. అన్ని చీటీలూ తూచాక, ఇక దారి లేనప్పుడే దాన్ని బయటికి తీయండి, తీసినప్పుడు ఎర్ర ఇంకుతో రాయండి.

2008లో ‘ది సొంటారన్ స్ట్రాటజమ్’లో డాక్టరే, తాను యూనిట్‌లో పనిచేసింది డెబ్బైలలోనా ఎనభైలలోనా అని తడబడతాడు. ఆ మాటను ‘విన్నది’ గడిలో రాసి, పక్కన ఖాళీ వదలండి.

ఇక హోంవర్క్. రివర్ సాంగ్, డాక్టర్‌కు మళ్లీ మళ్లీ ఎదురయ్యే కాలయాత్రికురాలు. ఆమె తొలిసారి కనబడిన ‘సైలెన్స్ ఇన్ ది లైబ్రరీ’ (2008) కథలోనే చనిపోతుంది, పసిపాపగా ఆమెను 2011లో ‘ఎ గుడ్ మ్యాన్ గోస్ టు వార్’లో చూస్తాం. తన కాలం, డాక్టర్ కాలం ఎదురెదురుగా నడుస్తున్నాయని ఆమే చెబుతుంది. అది ‘విన్నది’. నిజమో కాదో మీరు తేల్చాలి. ఈ నాలుగు కథలకు నాలుగు చీటీలు రాయండి: లైబ్రరీ కథ, ‘ది టైమ్ ఆఫ్ ఏంజెల్స్’ (2010), ‘ది పండోరికా ఓపెన్స్’ (2010), ‘ది ఏంజెల్స్ టేక్ మాన్‌హాటన్’ (2012). ఒక్కో చీటీ మీద రెండే సంగతులు చాలు: ఆమెను ప్రొఫెసర్ సాంగ్ అంటున్నారా, డాక్టర్ సాంగ్ అంటున్నారా, జైల్లో ఉందా, విడుదలైందా. మొదటి మూడు చీటీలు ఆమె చెప్పినట్టే బుద్ధిగా వెనక్కి నడుస్తాయి. నాలుగోది ఎటు నడిచిందో చూసి, ఆమె గడియారం ప్రకారం వరస మార్చి, చీటీలు తీసుకునే రండి.