స్ప్రింట్ ఓరియంటీరింగ్ పోటీలో ఎలా పాల్గొనాలి?

పటంలో గుర్తించిన చోట్లన్నిటినీ ఇచ్చిన వరుసలోనే చేరుకుంటూ, వాటి మధ్య దారిని మాత్రం ఎవరికి వారే నిర్ణయించుకుని పరుగెత్తే క్రీడ ఓరియంటీరింగ్. నార్డిక్ దేశాల అడవుల్లో పెరిగిన ఈ క్రీడలో, ఊళ్లలోనూ ఉద్యానవనాల్లోనూ విశ్వవిద్యాలయ ప్రాంగణాల్లోనూ జరిగే చిన్న పరుగును స్ప్రింట్ అంటారు. 2001లో ఫిన్లాండ్‌లోని టాంపెరెలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఇది తొలిసారి చేరింది. అగ్రశ్రేణి పోటీల్లో విజేత 12 నుంచి 15 నిమిషాల్లో ముగించేలా మార్గాన్ని రూపొందిస్తారు. అంత తక్కువ సమయంలో ఒక్క తప్పు మలుపును కూడా సరిదిద్దుకునే వెసులుబాటు ఉండదు కాబట్టి, ఇక్కడ కాళ్ల వేగం కన్నా నిర్ణయం ముఖ్యమని నా అభిప్రాయం. బ్రిటన్‌లోనో స్వీడన్‌లోనో ఉంటున్న తెలుగువారు స్థానిక క్లబ్బులు జరిపే చిన్న పోటీలతో మొదలుపెట్టవచ్చు. వాటిలో చాలావాటికి కొత్తవారిని కూడా చేర్చుకుంటారు.

ముందుగా పటం భాష నేర్చుకోండి

స్ప్రింట్ పటాన్ని సాధారణంగా 1:4000 స్కేలులో గీస్తారు, అంటే పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద 40 మీటర్లు. భవనాలు ముదురు అంచుతో బూడిద రంగులోను, రాళ్లు పరచిన లేదా తారు వేసిన నేల లేత గోధుమ రంగులోను, ఆరుబయలు పసుపు రంగులోను ఉంటాయి. వీటికన్నా ముందు కంఠస్థం చేయవలసినవి దాటకూడని వాటి గుర్తులు. మందమైన నల్లగీతతో చూపిన గోడ, దాటరాని కంచె, నల్లని అంచు ఉన్న నీరు, పూలమడి లాంటి, ఆలివ్ పచ్చ రంగు పూసిన ప్రవేశ నిషిద్ధ స్థలం అలాంటివి. ఆ గోడ మీ నడుము ఎత్తే ఉన్నా, ఆ పూలమడి మీద ఒక్క అడుగే పడినా పోటీ నుంచి తొలగిస్తారు. ఎగరగలమా లేదా అన్నది ప్రశ్నే కాదు, పటం ఏం చెబుతోందన్నదే నియమం. దాటదగిన గోడకూ దాటకూడని గోడకూ గీతలోని తేడా చిన్నదే కనుక, పాత పటాలు ముందు పెట్టుకుని కళ్లు ఆ తేడాను తడుముకోకుండా పట్టుకునేదాకా సాధన చేయడం మంచిది.

బయలుదేరే చోట

చేతికి ఇచ్చిన ఎలక్ట్రానిక్ చిప్‌లోని పాత వివరాలను పరుగుకు ముందే అక్కడి పెట్టెలో చెరిపి, చెరిగాయో లేదో పక్క పెట్టెలో సరిచూసుకోవాలి. కంట్రోళ్ల, అంటే పటంలో గుర్తించిన, మీరు చేరుకోవలసిన చోట్ల వివరాల చీటీని ముంజేతికి కట్టుకోండి. ప్రతి కంట్రోల్‌కు 31 లేదా అంతకన్నా పెద్ద సంఖ్య ఒకటి ఉంటుంది, ఆ కంట్రోల్ దేనికి ఏ వైపున ఉందో చీటీలో గుర్తులతో రాసి ఉంటుంది. పటాన్ని మాత్రం మీ సమయం వచ్చేవరకు చూడకూడదు. ఒక్కొక్కరిని సాధారణంగా నిమిషం తేడాతో పంపుతారు. పటం అందగానే ఉత్తర దిక్కుకు సరిచేసి, ఊదారంగు త్రికోణం దగ్గర మీరున్న చోటును గుర్తించి, మొదటి కంట్రోల్‌కు దారి ఖాయం చేసుకున్నాకే వేగం పెంచండి. ఆ నాలుగైదు సెకన్లను దండగ అనుకోవద్దు.

దారిని వెనక నుంచి చదవండి

ఈ క్రీడలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. 2014 ప్రపంచ ఛాంపియన్‌షిప్ స్ప్రింట్ ఫైనల్ జరిగిన వెనిస్ నగరాన్నే తీసుకోండి. కంట్రోల్ సరళరేఖలో ఎంత దగ్గరగా కనిపించినా మధ్యలో కాలువ ఉంటే వంతెన వెతుక్కోక తప్పదు. సందు మొదట్లో విశాలంగా ఉన్నంతమాత్రాన చివర మూసుకుపోదన్న నమ్మకం లేదు. అటువంటి చోట మీరున్న దగ్గర నుంచి దారి వెతకడం మొదలుపెడితే, మొదట కనబడిన వీధే సరైనదిగా తోస్తుంది. అందుకు బదులు కంట్రోల్ నుంచి వెనక్కి రండి: దాని దగ్గరికి ఏ సందు చేరుస్తుంది, ఆ సందులోకి ఏ వంతెన మీదుగా రావాలి, ఆ వంతెనకు ఎడమ నుంచి వెళ్లడం దగ్గరా కుడి నుంచా? ఇలా చదివితే మూసుకుపోయిన దారులు వాటంతటవే తొలగిపోతాయి. కొన్ని పోటీల్లో నిర్వాహకులు తాత్కాలిక కంచెలు కట్టి ఊదారంగులో చూపుతారు కాబట్టి వాటిని కూడా వెతకాలి. రెండు దారులూ దాదాపు సమానమనిపిస్తే మలుపులు, మెట్లు తక్కువ ఉన్నదాన్ని ఎంచుకోండి. కిలోమీటరుకు 4 నిమిషాల వేగంతో పరుగెత్తేవారికి 40 మీటర్ల అదనపు దూరం పది సెకన్లలోపే; నిలబడి తేల్చుకోలేకపోతే అంతకన్నా ఎక్కువే పోతుంది.

పరుగెత్తుతున్నంతసేపూ బొటనవేలు మీరున్న చోటే పటం మీద ఉండాలి, మలుపు తిరిగినప్పుడల్లా పటాన్నీ తిప్పాలి. ఒక కంట్రోల్‌కు వెళ్తూ తేలికైన తిన్నని దారి దొరికినప్పుడు తర్వాతి కంట్రోల్‌కు దారి చదివేయండి. అలా చేస్తే పంచ్ చేసిన, అంటే కంట్రోల్ దగ్గరి పెట్టెలో చిప్ పెట్టి రాక నమోదు చేసిన వెంటనే ఆగకుండా బయలుదేరగలరు.

కంట్రోల్‌ను చూపే నారింజ, తెలుపు రంగుల జెండా కనిపించగానే చిప్ పెట్టేయకండి. పక్కపక్కనే వేరే మార్గాలకు చెందిన కంట్రోళ్లు ఉంటాయి. సంఖ్య సరిపోలితేనే పంచ్ చేసి, దీపమో శబ్దమో వచ్చాకే కదలండి. ఒకదాన్ని దాటవేశానని తర్వాత తెలిస్తే వెనక్కి వెళ్లి దాన్ని పంచ్ చేసి, అక్కడి నుంచి మిగతావన్నీ మళ్లీ వరుసగా చేయాలి. చాలా ఊళ్లలో పోటీ కోసం వీధులు మూసివేయరు. మూలల దగ్గర నడిచేవారికీ, సైకిళ్లకూ, వాహనాలకూ దారి ఇవ్వడం పోటీదారు బాధ్యత.

ముగింపు గీత దగ్గర చివరి పంచ్ చేశాక చిప్‌ను నిర్వాహకుల దగ్గర చదివించుకోండి. గాయంతో మధ్యలో మానేసినా ఇది తప్పనిసరి, లేకపోతే మీరింకా బయటే ఉన్నారనుకుని వెతుకుతారు. కంట్రోల్ కంట్రోల్‌కూ పట్టిన సమయం కాగితం మీద వస్తుంది. ఇతరుల సమయాలు చూడకముందే, మీరు వెళ్లిన దారిని జ్ఞాపకం మీద పటంపై గీసి, తడబడిన చోట్ల కారణం రాసుకోండి. ఆ తర్వాతే వేగంగా వెళ్లినవారిని ఏ దారిన వెళ్లారో అడగండి.