అమెరికా రాజ్యాంగ తీర్పులు చదవడం – 4వ పాఠం: కోర్టు తేల్చిన ప్రశ్న ఏది?

ఈసారి మెకల్లక్ కేసు మొదలుపెట్టాలి. మార్బరీ మీద మీరు పంపిన జవాబులు చదివాక ఆ పని వాయిదా వేశాను. మెకల్లక్ 1819 నుంచి అక్కడే ఉంది, ఇంకో పాఠం దాకా ఆగగలదు.

క్రితంసారి ఇచ్చిన అభ్యాసం చిన్నదే. 1803 నాటి మార్బరీ వర్సెస్ మాడిసన్ కేసులో కోర్టు ఏం తేల్చిందో ఒక్క వాక్యంలో రాయాలి. చాలామంది ‘మార్బరీ గెలిచాడు, చట్టాలు కొట్టేసే అధికారం కోర్టులకు వచ్చింది’ అని రాశారు. ఇంకొందరు ‘మార్బరీకి నియామకపత్రం ఇమ్మని మాడిసన్‌ను కోర్టు ఆదేశించింది’ అన్నారు. మార్బరీ ఓడిపోయాడండీ. ఆ పత్రం ఆయన చేతికి రానే లేదు.

ఈ పొరపాటు ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. తీర్పులో సగానికి పైగా మార్బరీ వైపే మాట్లాడుతుంది, మీరు అక్కడ ఆగిపోయారు. కథ మరోసారి క్లుప్తంగా చెబుతాను. అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ పదవి దిగిపోయే ముందు విలియం మార్బరీని కొలంబియా జిల్లాకు జస్టిస్ ఆఫ్ ది పీస్‌గా, అంటే చిన్న కేసులు చూసే స్థానిక జడ్జిగా, నియమించాడు. పత్రం మీద సంతకం అయింది, ముద్ర పడింది. అందజేయడమే మిగిలిపోయింది. అప్పుడు ఆ పని చేయాల్సిన విదేశాంగ మంత్రి జాన్ మార్షల్. తర్వాత ఈ కేసులో తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తీ ఆయనే. ఈ రోజుల్లో అయితే ధర్మాసనం నుంచి తప్పుకోమని మొదటి రోజే గొడవ అయ్యేది. 1801 మార్చిలో జెఫర్సన్ గద్దెనెక్కాడు, ఆయన విదేశాంగ మంత్రి మాడిసన్ పత్రం ఇవ్వలేదు. మార్బరీ కింది కోర్టుకు పోకుండా నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లి మాండమస్ (అధికారి తన విధి చేయాలని కోర్టు ఇచ్చే ఆదేశం) అడిగాడు.

మార్షల్ మూడు ప్రశ్నలు వేసుకున్నాడు. మార్బరీకి ఆ పత్రం మీద హక్కు ఉందా? ఉంది. హక్కు పోతే చట్టంలో దారి ఉందా? ఉంది. ఆ దారి ఈ కోర్టులో మాండమస్ అడగడమేనా? కాదు. కేసు ఆ మూడో జవాబు దగ్గరే తేలిపోయింది. 1789 నాటి న్యాయవ్యవస్థ చట్టంలో 13వ సెక్షన్ సుప్రీంకోర్టుకు నేరుగా మాండమస్ ఇచ్చే అధికారం ఇస్తోందని మార్షల్ చదివాడు. రాజ్యాంగం 3వ అధికరణం సుప్రీంకోర్టు నేరుగా వినగల కేసులు ఏవో చెప్పేసింది, ఇది వాటిలో లేదు. రాజ్యాంగానికీ చట్టానికీ పడనప్పుడు కోర్టు రాజ్యాంగాన్నే పాటించాలి. కాబట్టి ఆ సెక్షన్ చెల్లదు, ఆ సెక్షన్ చెల్లకపోతే ఈ కేసు వినే అధికారమే తమకు లేదు.

మామూలుగా కోర్టులు ‘మాకు అధికారం ఉందా’ అన్న ప్రశ్న ముందు వేసుకుంటాయి. మార్షల్ దాన్ని చివరికి నెట్టాడు. ముందే వేసుకుని ఉంటే మొదటి రెండు ప్రశ్నల మీద ఒక్క ముక్కా రాయనక్కర్లేదు. జెఫర్సన్ బతికినంత కాలం దీని మీద గొణుగుతూనే ఉన్నాడు, నా ఉద్దేశంలో ఆ గొణుగుడులో న్యాయం ఉంది. కచ్చితంగా చూస్తే ఆ మొదటి రెండు జవాబులూ కేసు తేలడానికి అవసరం లేని మాటలు. మన లాయర్లు ఒబిటర్ అనేది అదే. తేలడానికి అవసరమైన జవాబును అమెరికాలో హోల్డింగ్ అంటారు.

ఇంకో రకం జవాబు కూడా ఎక్కువగానే వచ్చింది: ‘చట్టాలు కొట్టేసే అధికారం సుప్రీంకోర్టుకు 3వ అధికరణం ఇస్తుంది’ అని. ఆ అధికరణం తెరిచి చదవండి, ఆ మాట ఎక్కడా ఉండదు. ఇది మన రాజ్యాంగం చదివిన అలవాటు. మన 13వ అధికరణం ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన చట్టం చెల్లదని నేరుగా చెబుతుంది, 32వ అధికరణం రిట్లను పేరుపేరునా లెక్కపెడుతుంది. అమెరికా రాజ్యాంగంలో అలాంటి వాక్యం లేదు కాబట్టే మార్షల్ అంత వాదించాల్సి వచ్చింది. ఉన్నదాన్ని చూపించడానికి అన్ని పేజీలు ఎందుకు?

పార్టీ ఓడిపోయినా పెద్ద సూత్రం నిలబడటం మనకు కొత్తేమీ కాదు. 1967లో గోలక్‌నాథ్ కేసు చూడండి. రాజమండ్రివాడైన కోకా సుబ్బారావు అప్పుడు మన ప్రధాన న్యాయమూర్తి. ప్రాథమిక హక్కులను పార్లమెంటు సవరణతో కూడా తగ్గించలేదని 6–5 మెజారిటీతో తేలింది. కానీ ఆ నియమం ఇకపై చేసే సవరణలకే వర్తిస్తుందని, జరిగిపోయినవాటి జోలికి పోమని సుబ్బారావు రాశారు. దాంతో గోలక్‌నాథ్ కుటుంబం అడిగింది దక్కలేదు. అలా ముందుకాలానికే తీర్పును పరిమితం చేసే పద్ధతిని ఆయన తెచ్చుకున్నది అమెరికా తీర్పుల నుంచే. కాబట్టి ‘ఎవరు గెలిచారు’ అన్నది ఒక ప్రశ్న, ‘ఏం తేలింది’ అన్నది వేరే ప్రశ్న. మీరు మొదటిదానికి జవాబు రాసి, అదే రెండోదానికీ సరిపోతుందనుకున్నారు. మొదటిది కూడా తప్పు రాశారనుకోండి.

ఇక నుంచి ఏ కేసైనా మూడు వాక్యాల్లో రాయండి. ఎవరు ఏ కోర్టును ఏం అడిగారు. అది తేలాలంటే కోర్టు జవాబు చెప్పక తప్పని ప్రశ్న ఏది. జవాబు ఏమిటి, ఎందుకు. అప్పీలు, రిట్, సైటేషన్ లాంటివి మీకు వచ్చనే అనుకుంటున్నాను, వివరించను.

నేను తీర్పును మొదటి నుంచి చదవను. ముందు ఆఖరి పేరా చదువుతాను. మార్బరీలో ఆఖరి వాక్యం రూల్‌ను డిస్చార్జ్ చేయాలి అంటుంది. మన కోర్టుల్లో కూర్చున్నవాళ్ళెవరికైనా దాని అర్థం తెలుసు, పిటిషన్ పోయింది. అది ముందే చూసి ఉంటే మీలో సగం మంది మార్బరీని గెలిపించేవారు కాదు. ఆఖరి పేరా అయ్యాక డిసెంట్, అంటే మెజారిటీతో విభేదించిన జడ్జి అభిప్రాయం, చదువుతాను, మెజారిటీ తీర్పు ఆ తర్వాతే. మెజారిటీ ఏం చేసిందో దానితో పోట్లాడినవాడు చెప్పినంత సూటిగా ఎవరూ చెప్పరు. ఈ పద్ధతి లా కాలేజీల్లో చెప్పరు, కొందరు ప్రొఫెసర్లకు నచ్చదు కూడా. నచ్చకపోతే మానేయండి. కానీ డిసెంట్‌లోని మాటను కోర్టు మాటగా రాయకండి. ‘మన రాజ్యాంగానికి రంగు కనిపించదు’ అన్న మాట, రైళ్ళలో జాతుల వేర్పాటు చెల్లుతుందన్న 1896 ప్లెసీ కేసులో జస్టిస్ హార్లన్ రాసింది. 7–1 తేడాతో ఓడిపోయిన ఆ ఒక్కడూ ఆయనే.

ఇప్పుడు నాకు నిజంగా చిరాకు తెప్పించిన విషయం. కొన్ని జవాబులు తీర్పు పైన ఉండే సారాంశం నుంచి ఎత్తి రాసినవని చదవగానే తెలిసిపోయింది. ఇక్కడ హెడ్‌నోట్ చూసి వాదించే అలవాటు మన లాయర్లకు బాగానే ఉంది. అమెరికాలో ఆ సారాంశాన్ని సిలబస్ అంటారు. అది జడ్జీలు రాసేది కాదు, తీర్పులో భాగం కాదు. ఆ సంగతి ఇప్పటికీ ప్రతి సిలబస్ మొదట్లోనే అచ్చు వేస్తారు, దానికి ఆధారంగా 1906 నాటి కేసు ఒకటి చూపిస్తారు. అయినా ఎవరూ చదవరు.

చదవకపోతే ఏమవుతుందో 1886 నాటి శాంటా క్లారా కౌంటీ వర్సెస్ సదరన్ పసిఫిక్ రైల్‌రోడ్ కేసు చూపిస్తుంది. కాలిఫోర్నియాలో రైలు కంపెనీ ఆస్తి మీద పన్ను గొడవ అది. 14వ సవరణ ‘ఏ వ్యక్తికీ’ సమాన రక్షణ నిరాకరించరాదంటుంది కదా, కంపెనీ కూడా ఆ వ్యక్తి కిందికి వస్తుందని రైలు కంపెనీ వాదన. వాదనలు మొదలయ్యే ముందు ప్రధాన న్యాయమూర్తి వెయిట్ ఆ విషయం మీద వాదన వినదలచుకోలేదనీ, అది కంపెనీలకూ వర్తిస్తుందనే అందరి అభిప్రాయమనీ నోటిమాటగా అన్నాడు. ఆ తర్వాత హార్లన్ తీర్పు రాశాడు. అందులో ఆ ప్రశ్న ముట్టుకోనే లేదు. రైలు పట్టాల పక్కన కంచెల విలువ కట్టే అధికారం రాష్ట్ర బోర్డుకు లేదు, కాబట్టి ఆ పన్ను చెల్లదు, అంతే. కేసు కంచెల మీద తేలింది.

కానీ తీర్పులను అచ్చుకు సిద్ధం చేసే రిపోర్టర్ బాంక్రాఫ్ట్ డేవిస్ వెయిట్ నోటిమాటను హెడ్‌నోట్‌లో పెట్టాడు. పెట్టే ముందు వెయిట్‌ను ఉత్తరం రాసి అడిగాడు కూడా. రాజ్యాంగ ప్రశ్న జోలికి తీర్పులో పోలేదు కాబట్టి పెట్టాలో వద్దో నీ ఇష్టం అని వెయిట్ జవాబిచ్చాడు. డేవిస్ పెట్టాడు. తర్వాతి తీర్పులు శాంటా క్లారా ఆ విషయాన్ని తేల్చేసిందన్నట్టు దాన్ని ఉదహరిస్తూ పోయాయి. కంపెనీలకు రాజ్యాంగ రక్షణ ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ, ఉండాలనడానికి మంచి వాదనలున్నాయి. నా గొడవ అది కాదు. పేజీలకు పేజీలు వాదించి తేల్చాల్సిన ప్రశ్న, తీర్పు పైన ఉద్యోగి రాసిన నాలుగు వాక్యాల మీదుగా చట్టంలోకి వచ్చేసింది. సిలబస్‌ను దారి వెతుక్కోవడానికి చూడండి, ఫర్వాలేదు. నోట్స్‌లోకి మాత్రం ఒక్క వాక్యమూ రానివ్వకండి.

తప్పు ఇంకో వైపు కూడా జరుగుతుంది, తేలినదాన్ని తేలినదానికన్నా పెద్దది చేయడం. 1954 బ్రౌన్ తీర్పు అన్ని చోట్లా జాతుల వేర్పాటును రద్దు చేసిందని రాశారొకరు. అది ప్రభుత్వ బడుల గురించే మాట్లాడింది. అప్పటికప్పుడు ఏ బడికీ ఏ ఆదేశమూ ఇవ్వలేదు, అమలు సంగతి 1955లో రెండో తీర్పుకు వదిలింది. మాంట్‌గోమరీ బస్సుల కోసం వేరే కేసు కావాల్సి వచ్చింది, అది 1956లో తేలింది.

అలాంటిదే 2025 జూన్‌లో మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. అమెరికాలో హెచ్‌1బీ మీద ఉన్న కుటుంబాలు ఎంత టెన్షన్ పడ్డాయో మీకు తెలుసు. పుట్టుకతో వచ్చే పౌరసత్వాన్ని సుప్రీంకోర్టు తీసేసిందని మెసేజ్‌లు. ట్రంప్ వర్సెస్ కాసా తీర్పులో కోర్టు జవాబు చెప్పిన ప్రశ్న అది కాదు. జిల్లా జడ్జి తన ముందుకొచ్చిన పార్టీలను దాటి దేశమంతటికీ వర్తించేలా ఇంజంక్షన్ (అమలు ఆపమనే ఆదేశం) ఇవ్వచ్చా అన్నది ప్రశ్న. 6–3తో కాదంది. ఆ పౌరసత్వం మీద అధ్యక్షుడు ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు రాజ్యాంగానికి లోబడి ఉందా అన్నది ఆ తీర్పులో తేలలేదు. మూడు వాక్యాల పద్ధతి తెలిసిన ఒక్కరు ఆ గ్రూపులో ఉంటే చాలు.

అధ్యక్షుడు ఉక్కు మిల్లులను స్వాధీనం చేసుకోవడం చెల్లదన్న 1952 నాటి యంగ్స్‌టౌన్ కేసులో జస్టిస్ జాక్సన్ రాసిన ప్రత్యేక అభిప్రాయం మెజారిటీ తీర్పు కన్నా ఎందుకు ఎక్కువ చెల్లుబాటైందని ఒకరు అడిగారు. మంచి ప్రశ్న, దానికి విడిగా పాఠం కావాలి. జాక్సన్ నాకు ఇష్టమైన జడ్జి కాబట్టి ఎలాగూ రాస్తాను.

అభ్యాసం ఈసారి కాస్త బరువు. 1898 నాటి యునైటెడ్ స్టేట్స్ వర్సెస్ వాంగ్ కిమ్ ఆర్క్ తీర్పు తీసుకోండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన చైనా సంతతి వ్యక్తి, చైనా వెళ్లి 1895లో తిరిగొస్తే ఓడరేవులో ఆపేశారు. 14వ సవరణ ప్రకారం అతను పౌరుడేనని 6–2తో తేలింది. ఆఖర్లో జస్టిస్ గ్రే ప్రశ్నను మళ్ళీ రాసి జవాబిస్తాడు. ఆ ప్రశ్నలో తల్లిదండ్రుల గురించి కొన్ని సంగతులు పొదిగి ఉన్నాయి: అమెరికాలో స్థిర నివాసం, అక్కడే వ్యాపారం, దౌత్య ఉద్యోగంలో లేకపోవడం. ఆ సంగతులన్నీ ఉంచి హోల్డింగ్ ఒకసారి రాయండి. అవసరం లేవనిపించినవి తీసేసి రెండోసారి రాయండి. తీసేసిన ప్రతి సంగతి పక్కనా, అది లేకపోయినా జవాబు మారదని గ్రే వాదనలో ఏ పేరా చూపిస్తుందో రాయాలి. చూపించలేకపోతే తీయకండి.

తర్వాత 1884 నాటి ఎల్క్ వర్సెస్ విల్కిన్స్ చదవండి. అమెరికా గడ్డ మీద, ఒక ఆదివాసీ తెగలో పుట్టిన జాన్ ఎల్క్ పుట్టుకతో పౌరుడు కాడని అందులో తేలింది. అదీ గ్రే రాసిన తీర్పే. ఒకే మనిషి ఒకే సవరణ మీద రాసిన ఈ రెండు తీర్పులూ ఒకదాన్నొకటి కొట్టేయకుండా నిలబడేలా ఒక్క వాక్యం రాయాలి. రెండు చోట్లా డిసెంట్‌లు ముందు చదవండి, పని సులువవుతుంది. సిలబస్ నుంచి ఎత్తి రాసినవాటిని దిద్దకుండానే తిప్పి పంపుతాను.